గోడవైపు తిరిగి చదివిన కాగితం

మధ్యాహ్నం మూడు గంటలు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ముందుగదిలో మిషను ముందు ఆ ఇంటావిడ. గుమ్మంలో, చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక కాగితాల అమ్మాయి.

"లేదు పెద్దమ్మా, కూర్చోను. నిలబడే చెప్పి వెళ్ళిపోతాను."

"నిలబడి చెప్పేది పెళ్ళి కబురన్నా అయ్యుండాలి, చావు కబురన్నా అయ్యుండాలి. చావు అయిపోయింది. నీకు పెళ్ళి కుదిరిందా?"

"పెద్దమ్మా..."

"మరింకేం, కూర్చో. ఆ బట్టల మూట పక్కకి జరుపు. చూసుకో, గుండుసూదులుంటాయి."

"ఊఁ."

"మావాడు పోయి నలభై రోజులు. మీ ఆఫీసు నుంచి పెద్ద సారు వచ్చాడు, ఆయన వెనక ముగ్గురొచ్చారు, చివరికి మీ వ్యాను డ్రైవరు కూడా వచ్చి ఆ మూల నిలబడి ఏడ్చి వెళ్ళాడు. కాగితాల అమ్మాయి మాత్రం రాలేదు."

"రెండుసార్లు వచ్చాను. వీధి చివరిదాకా."

"వీధి చివర ఏముంది, చెత్తకుండీ. దాన్ని పలకరించి వెళ్ళావా?"

"రాలేకపోయాను పెద్దమ్మా."

"ఇవాళెలా వచ్చావు?"

"రేపు హాల్లో మీటింగుంది. అందరిముందూ చెప్పేలోపు మీకు చెప్పాలి. నేను ఉద్యోగం మానేస్తున్నాను."

"అది మీ పెద్ద సారుకి చెప్పుకో. నాకెందుకు? ఇదిగో, ఈ సూదిలో దారం ఎక్కించు. నీలం దారం నీలం గుడ్డ మీద నాకు ఆనదు."

"ఎందుకు మానేస్తున్నానో వినండి ముందు."

"ముందు దారం. కొస తడి చెయ్యి. అలా కాదు, పెదాలతో. ఏం పిల్లవమ్మా, కోర్టులో ఇది నేర్పలేదా?"

"కోర్టులో చేసింది టైపు ఒక్కటే."

"అవును, మావాడు తెగ చెప్పేవాడు. నిమిషానికి ఎన్ని మాటలన్నాడూ?"

"నూట ఇరవై."

"నేను తిట్టేటప్పుడు అంత వేగం ఉంటుంది. అంత వేగం చేతిలో పెట్టుకుని, నిక్షేపంలాంటి సర్కారు ఉద్యోగం వదిలి, ఈ రెండు వీధుల మధ్య కుర్చీలు మొయ్యడానికి ఎందుకొచ్చావు? అప్పుడడిగితే నవ్వి ఊరుకున్నావు."

"మా నాన్న కూడా అడిగాడు. 'శాంతి చెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనటే? శాంతి వచ్చిన మర్నాడు నీ కొలువు ఊడుతుందిగా' అన్నాడు."

"మీ నాన్న తెలివైనవాడు."

"తెలివైనవాడే. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. మా అమ్మతో చెప్పి, మా అమ్మ చేత నాకు చెప్పించేవాడు. ముగ్గురం ఒకే గదిలో ఉండి."

"అయితే ఆ శాంతేదో ముందు మీ ఇంట్లో చేసి రావాల్సింది. సరే, ఎందుకొచ్చావో చెప్పనే లేదు."

"కోర్టులో రెండు కుటుంబాల కేసు ఒకటి వచ్చింది పెద్దమ్మా. పొలం గట్టు దగ్గర మొదలై మనుషుల దాకా పోయిన కేసు. మూడేళ్ళు నడిచింది. వాళ్ళన్నవన్నీ రాసింది నేనే. ఆ మూడేళ్ళలో ఒక్కరోజు కూడా వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. వీళ్ళూ జడ్జిగారికే చెప్తారు, వాళ్ళూ జడ్జిగారికే చెప్తారు. ఒకరోజు ఓ ముసలాయన బోనులో నిలబడి, 'కర్ర నా చేతిలో ఉంది గానీ, నాకూ భయమేసింది' అన్నాడు. అంతే. అవతలివాళ్ళు మొదటిసారి తలెత్తి ఆయన్ని చూశారు."

"ఆ తర్వాత?"

"లాయరు లేచి అడ్డం చెప్పాడు. కేసుకి సంబంధం లేని మాటన్నాడు. జడ్జిగారు కొట్టేయమన్నారు. కొట్టేశాను. నా చేత్తోనే."

"ఊఁ."

"కొట్టెయ్యని చోటు ఎక్కడైనా ఉందా అని వెతుక్కున్నాను. మీ వీధులకి వచ్చిన ఈ ఆఫీసులో, ఇటువాళ్ళు చెప్పింది పేరు తీసేసి అటువాళ్ళకి చదివి వినిపిస్తారన్నారు. ఆ మర్నాడే కోర్టు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చి చేరాను. మొదటి రెండు నెలలూ రాసింది లేదు. కుర్చీలు వెయ్యడం, కుర్చీలు తియ్యడం. పైవీధికి ఇరవై, కిందవీధికి ఇరవై. ఒకటి తేడా వస్తే లేచిపోయేవాళ్ళు."

"తెలుసు. ఎర్ర కుర్చీలు వాళ్ళకెందుకు, పచ్చవి మాకెందుకని మా వీధి పెద్దమనిషి చేసిన గోల నాకు తెలుసు."

"అన్నయ్యే కదా తీర్చాడు. రాత్రికి రాత్రి నలభై కుర్చీలకీ బూడిదరంగు వేసేశాడు."

"ఎవరిదీ కాని రంగమ్మా అన్నాడు. ఆరిందో లేదో చూసుకోకుండా ఆ పెద్దమనిషి కూర్చున్నాడు. వెనకాల బూడిదరంగుతో వారం తిరిగాడు. నవ్వుకో, పరవాలేదు. మావాడి మాట వచ్చినప్పుడు నవ్వకూడదని ఎక్కడా లేదు."

"అక్కా! ఉన్నావా? మా చిన్నదాని గౌను అయిందా?"

"గుమ్మం బయటే నిలబడ్డావేం? రేపు రా అమ్మా. నడుము దగ్గర బిగుతన్నావుగా, విప్పి కుడుతున్నాను."

"సరే అక్కా. గేటు ఐదింటికి మూసేస్తారు కదూ?"

"ఎక్కడమ్మా, తాళం తీసి ఎన్నాళ్ళయింది!"

"అలవాటు అక్కా, చూసుకుని వస్తా. పడుకున్నా గేటే గుర్తొస్తుంది. వస్తా మరి."

"... చూశావా? కిందవీధి ఆవిడ. సైకిల్ షాపు తగలబడ్డప్పుడు, కిందవీధివాళ్ళే కాల్చారని రెండు వీధుల మధ్యా గేటు వేశారా, ఇక అంతే, మూడేళ్ళు ఊరు చుట్టి ఎక్కడో కుట్టించుకుంది. ఇప్పుడు రెండు నిమిషాలు."

"అది అన్నయ్య కాగితం వల్లే."

"ఆ హాల్లో నేనూ ఉన్నాను."

"అన్నయ్య పడింది నిచ్చెన జారి కాదు పెద్దమ్మా."

"అది చెప్పడానికా వచ్చావు? పద్నాలుగేళ్ళు బోర్డులు రాశాడు. నిచ్చెన పైకొస కట్టుకోకుండా ఒక్కనాడు ఎక్కలేదు. ఆ తాడు తీసుకెళ్ళి పోలీసులకి చూపించాను. పాతతాడు, అరిగి తెగిందన్నారు. అరిగిన కొస పీచుపీచుగా ఉంటుంది. కోసిన కొస తిన్నగా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా దారాలు తెంపుతున్నాను, నాకు చెప్తారా?"

"ఎవరు కోశారో..."

"వద్దు. ఆ పేరు ఈ గదిలో వద్దు. నువ్వు చెప్పాలనుకున్నది చెప్పు."

"వాళ్ళకి అన్నయ్యని పట్టించింది నేను. మిషను ఆపండి పెద్దమ్మా. రెండోసారి చెప్పలేను."

"ఆపానుగా. చెప్పు."

"మాకో పద్ధతుంది. ఎవరైనా చెప్పింది రాసుకున్నాక పేరు తీసెయ్యాలి, వీధి, వయసు, చేసే పని, అన్నీ తీసెయ్యాలి. అవి తీస్తే చాలదు. ఇది ఫలానా మనిషే అని పోల్చుకోగలిగే మాట ఏదున్నా మార్చెయ్యాలి. సాదా చెయ్యాలి. ఎవరైనా అని ఉండొచ్చు అన్నట్టుండాలి."

"మార్చలేదా?"

"అన్నీ మార్చాను. ఒక్కటి మార్చలేదు."

"ఏది?"

"మీకు తెలుసు."

"నీ నోటితో అను."

"షాపు కాలిన రోజు అన్నయ్య మందుల షాపు బోర్డు రాస్తున్నాడు కదా. మూడేళ్ళు ఎవరికీ చెప్పనిది నాకు చెప్పాడు. నిప్పు పెట్టింది కిందవీధివాళ్ళు కాదు, మా పైవీధివాడే అని. ఎలా తెలుసన్నాను, మొహానికి గుడ్డ కట్టుకున్నాడంటున్నావుగా అన్నాను. అప్పుడన్నాడు: 'కింద నిలబడ్డవాళ్ళకి మనుషుల మొహాలు కనిపిస్తాయి. పైనున్నవాడికి నడినెత్తులు కనిపిస్తాయి. మొహం దాచుకున్నవాడు నెత్తి దాచుకోడు. అది నేను రోజూ చూసే నెత్తి.' మీటింగుకి ముందురోజు పెద్ద సారు కాగితం చూశారు. 'ఇది తీసెయ్ తల్లీ, మనిషి కనబడిపోతున్నాడు' అన్నారు. సరే సార్ అన్నాను. తియ్యలేదు."

"ఎందుకు?"

"బాగుంది పెద్దమ్మా."

"బాగుందా?"

"అంత బాగా ఎవరూ చెప్పలేదు. 'నిప్పు పెట్టినవాడు పైవీధివాడే' అని ఊరికే చదివితే ఎవరు నమ్ముతారు? ఇది వింటే నమ్ముతారనిపించింది. నమ్మారు కూడా. కానీ అసలు సంగతి అది కాదు. ఇంకోసారి నా చేత్తో అలాంటి మాట కొట్టెయ్యలేకపోయాను. పైనుంచి చూసినవాడంటే ఎవరు? ఆ రోజు నిచ్చెన మీదున్నవాడు. చిన్నపిల్లాడైనా పోల్చుకుంటాడు. నేను చదివాక పదకొండో రోజున..."

"ఆ మాట మళ్ళీ అను."

"ఏ మాట?"

"పట్టించింది నేను అన్నావే. అది."

"పట్టించింది నేను."

"ఇంకోసారి."

"పెద్దమ్మా!"

"సరే, సరే. వద్దులే."

"తిట్టండి. నాలుగు దెబ్బలు వెయ్యండి. అంతేగానీ ఇలా..."

"రేపు ఇదే మాట హాల్లో అంటావా?"

"అంటాను."

"రెండు వీధులవాళ్ళ ముందూ?"

"ఆఁ."

"అప్పుడందరూ ఏమనుకుంటారు?"

"నా వల్లే పోయాడనుకుంటారు."

"ఇంకెవరి వల్లా కాదనుకుంటారు."

"ఇంకెవరి వల్లా కాదు కదా."

"... నీళ్ళు తాగుతావా?"

"వద్దు."

"తాగు. పెదాలెండిపోయాయి. ఆ చెంబు అందుకో. ఫ్యాను కూడా వెయ్యి. రెండోది కాదు, మొదటి స్విచ్చి. రెండోది వాడి గదిది."

"గది అలాగే ఉందా?"

"రంగు వాసన. తలుపు తియ్యను. తీస్తే వాసన పోతుంది. మానేసి ఏం చేస్తావు?"

"మళ్ళీ టైపు. కోర్టు ఎదురుగా దుకాణాలున్నాయి. అర్జీలు కొట్టిపెట్టేవి."

"ఇక్కణ్ణించి నువ్వు వెళ్ళాల్సిన చోటొకటి ఉందని మావాడు చెప్పాడే? ఏదో వంతెన."

"ఉంది. ఈ నెలాఖరుకి మొదలుపెట్టాలి."

"ఏమిటక్కడ గొడవ?"

"వంతెనకి ఇటొక ఊరు, అటొక ఊరు. రెండేళ్ళుగా ఎవరూ దాటరు. దాటితే రాళ్ళు."

"ఆసుపత్రి ఎటువైపుంది?"

"అటు."

"ఇటువైపు ఆడపిల్లకి నొప్పులొస్తే?"

"చుట్టూ తిరిగి మూడు గంటలు."

"దార్లో..."

"కిందటి నెల ఒకమ్మాయి. జీపులోనే. అడక్కండి పెద్దమ్మా."

"నువ్వు మానేస్తే ఎవరెళ్తారు?"

"ఎవరో ఒకరు. ఇంకా ఎవరూ దొరకలేదు. ఎవరెళ్ళినా నాకన్నా నయం. నేను వెళ్తే అక్కడ ఇంకో అమ్మ కొడుకుని..."

"ఆగు. ఒకటి అడుగుతాను. ఆ రోజు హాల్లో నువ్వు మాకు వీపు పెట్టి కూర్చుని చదివావు. గోడవైపు తిరిగి. అందరికీ విడ్డూరంగా ఉంది. ఎందుకలా?"

"అదీ పద్ధతే. చదివేవాళ్ళకి ఏ కాగితం ఎవరిదో తెలుసు. తెలియకుండానే కళ్ళు ఆ మనిషి మీదకి పోతాయి. జనం మన కళ్ళనే చూస్తుంటారు. అందుకని గోడకేసి చూస్తూ చదవాలి."

"అంటే నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు."

"తెలియదు. చదవడం అయ్యాక ఎవరో ముసలావిడ ఏడవడం వినిపించింది."

"కిందవీధి ముసలమ్మ. మూడేళ్ళు ఆవిడ మనవణ్ణి నిప్పుపెట్టినవాడా అని పిలిచారు మా వీధిలో పిల్లలు. నేనూ పిలిచాను. షాపు కాలిన రోజు ఆదివారం. అది తెలుసా నీకు?"

"తెలుసు. కాగితంలో ఉంది."

"ఆదివారం పొద్దున ఈ వీధిలో డాబాల మీద ఎంతమందుంటారో తెలుసా? చెప్తా విను. బట్టలారేసేవాళ్ళు పదిమంది. పావురాలాయన. ఆయన్తో పాటు పావురాలు చూసే పనిలేనివాళ్ళు నలుగురు. మూడో ఇంట్లో ట్యాంకు కడుగుతున్నారు, ఇద్దరు. మంటలు లేచాక ఇంకో ముప్ఫై మంది ఎక్కారు. పైనుంచి చూసినవాడంటే మావాడొక్కడే ఎందుకవ్వాలి?"

"నన్ను ఓదార్చడానికి అంటున్నారు."

"ఓదార్చడానికి నా దగ్గరేముందమ్మా? నాకే లేదు. నీ సంచిలో కాగితం ఉందా?"

"రాజీనామా ఉంది. అంతే."

"దాని వెనక ఖాళీయేగా. తీసి రాయి."

"ఏం రాయాలి?"

"నేను చెప్పేది. నీ నూట ఇరవై లెక్కన. ఒక్క మాట మార్చకూడదు, సాదా చెయ్యకూడదు. రాశాక మానేస్తావో మానవో నీ ఇష్టం. నేను అడగను."

"పెద్దమ్మా, ఇప్పుడెందుకివన్నీ?"

"ఇందాక నువ్వు ఆ మాట అంటుంటే నాకు ఎంత హాయిగా ఉందో తెలుసా? ఇంకోసారి అనమన్నాను. వందసార్లు అనిపిద్దామనుకున్నాను. రేపు నువ్వు అందరిముందూ అంటే, ఇక నేను ఈ జన్మకి నోరు విప్పక్కర్లేదు. నీ వయసెంత?"

"ఇరవై ఏడు."

"ఇరవై ఏడేళ్ళ పిల్ల మీద ఇది మోపి నేను ఎన్నాళ్ళు గౌన్లు కుట్టుకుంటాను? రాయి."

"చెప్పండి."

"మావాడు భయస్థుడు. రాశావా? వీధిలో ఎంత రభస జరిగినా నోరెత్తేవాడు కాదు. భోంచేస్తూ తల వంచుకుని కూర్చునేవాడు. మీ నాన్న ఉంటే నీలా ఉండేవాడా అని మొహం మీదే అనేదాన్ని. నీకు రంగులు తప్ప మాటలు రావురా అనేదాన్ని. మూడేళ్ళు అన్నాను."

"నెమ్మదిగా..."

"నూట ఇరవై అన్నావు."

"అది టైపు మీద పెద్దమ్మా, పెన్నుతో కాదు."

"పెన్నయితే గట్టిగా పట్టుకో. రాయి. వాడు కాగితం ఇచ్చినట్టు నాకు తెలియదు. తల్లికి చెప్పనిది నీకు చెప్పాడు. నాకెందుకు చెప్తాడు, నేను వినే మనిషినా? ఆ రోజు కూడా రానన్నాడు. నేనే రెక్క పుచ్చుకుని లాక్కెళ్ళాను. నేను మూడో వరసలో. వాడు వెనకాల, తలుపు పక్కన, నిలబడి."

"నిలబడి. ఊఁ."

"నువ్వు చదువుతున్నావు. ఎవరెవరివో కాగితాలు. నాకు సగం వినిపించింది, సగం నిద్రొచ్చింది. అంతలో ఆ నెత్తుల మాట చదివావు. ఆ మాట వాడు ఎప్పుడూ అంటాడు నాతో. నిచ్చెన మీదుంటే పక్కనుంచి వెళ్తానా, 'అమ్మా, నడినెత్తిన పల్చబడింది, నూనె రాసుకో' అని అరిచేవాడు, వీధంతా వినేలా. ఆ మాట అనేవాడు ఈ లోకంలో వాడొక్కడే. అది నాకు తెలుసు. ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు. ఎవరూ ఏ నిచ్చెన గురించీ అనుకోలేదు. డాబా మీద ఎవరో చూసుంటారని అనుకుంటున్నారు, నా పక్కనావిడ గొణిగింది కూడా. రాశావా ఆవిడ గొణిగిందని?"

"రాశాను."

"నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. భయంతో కాదు, అది కూడా రాయి. నా భయస్థుడు. నా మూగవాడు. మూడేళ్ళు లోపల అంత బరువు మోసి, చివరికి నిజం అన్నాడు. అదీ ఎంత అందంగా అన్నాడు! నీకు బాగుందనిపించింది కదూ? నాకెలా ఉండాలి? లేచి అరవాలనిపించింది. అరవలేదు."

"పెద్దమ్మా, చాలు. ఏడవకండి. ఆపేద్దాం."

"రాయి! హాల్లో ఒక్క తల కదల్లేదు. నిప్పు పెట్టినవాడు కూడా అక్కడే ఉన్నాడు, నాకు ఎడంపక్క, రెండో వరసలో. వాడొక్కడే పక్కకి తిరిగి జనం మొహాలు చూస్తున్నాడు. ఒక్కొక్కరివే చూస్తున్నాడు. అది నేను చూశాను. చూసి కూడా... ఎక్కడిదాకా రాశావు?"

"'చూసి కూడా' దాకా."

"నీ కళ్ళు గోడ మీదే ఉన్నాయమ్మా. నువ్వు ఎవర్నీ పట్టించలేదు. అంత మందిలో నేనొక్కదాన్నే వెనక్కి తిరిగి, తలుపు పక్కనున్న మావాడి వంక చూసి నవ్వాను."